చేతిపెట్టె మేస్త్రి

మా సంఘం చేతిపెట్టెకి అద్దాల బీరువా చేయించారు. ఇకమీదట దాన్ని ఎవరూ వాయించక్కర్లేదట. చర్చి గుమ్మం పక్కన పెట్టి వచ్చినవాళ్ళకి చూపిస్తారట. దాని కింద పెట్టే అట్టముక్క మీద నాలుగు వాక్యాలు రాసిమ్మని పాస్టరుగారు నాకు పురమాయించారు. దస్తూరీ బాగుంటుందని మా సంఘంలో ఏం రాయాలన్నా నన్నే అడుగుతారు. ఏ దొరసాని దాన్ని ఓడమీద తెచ్చిందో రాశాను. ఆమె వెళ్ళిపోతూ, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా పనిచేసే మా అమ్మ చేతిలో పెట్టిందని రాశాను. ఇన్నేళ్ళూ అది ఎవరి పుణ్యమా అని పలికిందో మూడో వాక్యంలో రాశాను. పాస్టరుగారు చదివి మూడో వాక్యం కొట్టేశారు. "ఇది అక్కర్లేదు టీచరుగారూ, చోటు చాలదు" అన్నారు.

అట్టమీద ఇంకా జానెడు చోటుంది.

ఆ కొట్టివేతలో పోయిన మనిషి గురించి రాస్తున్నాను. పేరు మాత్రం ఇక్కడా రాయను. ఆయన పేరు నా చేత్తో రాసే హక్కు నాకు లేదు. మేమంతా మేస్త్రి మావ అనేవాళ్ళం.

ఆయన నెల్లిమర్లలో జూట్ మిల్లు మగ్గాల మెకానిక్కు. పొట్టి మనిషి. ఎప్పుడు చూసినా కనుబొమల మీద జనుము నూగు సన్నగా పేరుకుని ఉండేది. చొక్కా జేబుకి అరడజను సేఫ్టీ పిన్నులు గుత్తిగా వేలాడేవి. పిల్లల తల్లిలా ఇన్ని పిన్నులేమిటని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఏ పిన్నులో మంచి ఉక్కు ఉందో, ఏది వంచితే మళ్ళీ లేస్తుందో ఆయన వేలితో నొక్కి చెప్పేవాడు. చేతిపెట్టె లోపలి స్ప్రింగులు ఆ పిన్నులే.

చేతిపెట్టె అని మేం పెట్టుకున్న పేరే. అసలు పేరు కాన్సర్టినా. రెండు చేతుల మధ్య పట్టుకుని సాగదీస్తూ మూస్తూ వాయించే ఆరు పలకల పెట్టె. నడుమ తోలు తిత్తి, అటూ ఇటూ కర్ర బిళ్ళలు, వాటిలో వరసగా శనగగింజంత ఎముక బటన్లు. హార్మోనియంలా కింద పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. మా అమ్మ దాన్ని సంచిలో వేసుకుని, ఎక్కడ నలుగురు కనబడితే అక్కడ నిలబడి వాయించింది. అమ్మ వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకరపోయాక అది నా చేతికొచ్చింది. అప్పటికి నాకు టీచరు ఉద్యోగమొచ్చి ఏడాది.

నేను వాయించిన రెండో ఆదివారమే ఓ బటను దిగి, మళ్ళీ లేవలేదు. పాట అయిపోయింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. తిత్తి మూస్తే ఏడుపు, తెరిస్తే ఏడుపు. కదపకుండా పట్టుకుందామన్నా దాని బరువుకి అదే జారి మూలుగుతోంది. ఆమెన్ అనేదాకా అందరూ కళ్ళు మూసుకునే నవ్వుకున్నారు.

మర్నాడు డ్యూటీ దిగి మేస్త్రి మావ వచ్చాడు. వస్తూనే విప్పుతాడనుకున్నాను. పెట్టెని ముట్టుకోకుండా నన్ను ప్రశ్నలడిగాడు. వానకా, ఎండకా? మొదటి పాటకే పట్టేసిందా, రెండు పాటలయ్యాకా? దిగడమే బరువుగా దిగిందా, సుఖంగా దిగి లేవడం మానేసిందా? అవేవీ నేను గమనించలేదన్నాను.

"అయితే విప్పను అమ్మీ. నొప్పి ఎక్కడో సెప్పకుండా కడుపు కొయ్యమంటే ఏ డాక్టరు కోస్తాడు?"

నా చేత మూడు పాటలు వాయించి కళ్ళు మూసుకుని విన్నాడు. తరవాత ఆ బటన్ని నిటారుగా నొక్కాడు, లేచింది. పక్కనుంచి కాస్త ఒరిగించి నొక్కాడు, అక్కడే ఉండిపోయింది. కన్నం ఇరుకైందని తేల్చాడు. బటను దిగే కన్నానికి చుట్టూ ఉన్ని గుడ్డ అంటించి ఉంటుంది. వానాకాలం చెమ్మకి అది ఉబ్బి బటన్ని పట్టేసుకుంటుంది. అన్నిసార్లూ అదే కాదు. ఒక్కోసారి స్ప్రింగు నీరసిస్తుంది, ఒక్కోసారి లోపలి మీట వంగి పక్కదాన్ని రాసుకుంటుంది. చూడ్డానికి మూడూ ఒకేలా ఉంటాయి. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి చేస్తే పెట్టె పాడవుతుంది. ఇదంతా నాకు ఏళ్ళ మీద, ముక్కముక్కలుగా తెలిసింది.

విప్పేముందు ఆయన ఎప్పుడూ ఒక కాగితం అడిగేవాడు. దానిమీద ఆరు పలకల బొమ్మ గీసి, మూలమూలకీ పెన్సిలు మొనతో పొడిచి, తీసిన స్క్రూని తీసినట్టు ఆ మూలలో గుచ్చేవాడు. ఏ కన్నంలోంచి వచ్చిన స్క్రూ ఆ కన్నంలోకే పోవాలి. ఆరూ ఒకేలా ఉన్నాయి కదా మావా అన్నాను. నీకూ నాకూ ఒకేలా ఉంటాయి, కర్రకి అలా కాదు అన్నాడు.

పై బిళ్ళ తీసేశాక బటన్లన్నీ ఏ ఆసరా లేకుండా నిలబడి ఉంటాయి. గట్టిగా ఊపిరి వదిలితే ఒరిగిపోతాయి. అందుకని మొహం పక్కకి తిప్పుకుని ఊపిరి పీల్చుకొచ్చేవాడు. ఆ మొదటిసారి సన్నటి మేకుని దీపం మీద వెచ్చచేసి ఆ ఇరుకు కన్నంలో నెమ్మదిగా తిప్పాడు. ఉబ్బిన ఉన్ని అణిగింది. ఆ పనికి ఐదు నిమిషాలు పట్టింది. బిళ్ళ మళ్ళీ మూయడానికి అరగంట పట్టింది. ప్రతి బటనూ తన కన్నంలోకి తాను రావాలి. ఒకటి కుదిరితే ఇంకోటి తప్పుతుంది. గోనెలు కుట్టే దబ్బనంతో ఒక్కోదాన్ని జరుపుతూ, ఎవరింటికి వాళ్ళు రండమ్మా అని వాటితో చిన్నగా మాట్లాడేవాడు. ఆయన విసుక్కోగా నేను చూడలేదు.

ఆదివారం ఆఖరి బెంచీలో కూర్చునేవాడు. నూటయాభై గొంతుల కింద కూడా ఏ బటను ఆలస్యమవుతోందో ఆయనకి వినబడేది. ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, ఎడంచెయ్యి రెండో వరసలో మూడోది సోమరిపోతైందని చెప్పి వెళ్ళిపోయేవాడు. నాలుగు వారాల తరవాత సరిగ్గా అదే పట్టేసేది.

భార్య కాలం చేసి చాలా ఏళ్ళయింది ఆయనకి. పిల్లల్లేరు. మిల్లు క్వార్టర్లకి రోజూ పొద్దున్నే భోగాపురం అవతలి సముద్రపొడ్డు నుంచి ఒకామె చేపలు తెచ్చేది. ఆమె కూడా భర్త పోయిన మనిషే. వాళ్ళిద్దరి మధ్యా మాట ఎప్పుడు కలిసిందో ఎవరికీ తెలీదు. మిల్లు పని మానేశాక ఆయన ఆమె ఊరికే వెళ్ళిపోయి కాపురం పెట్టాడు.

సంఘం పెద్దలు ఆమెని బాప్తిస్మం తీసుకోమన్నారు, చర్చిలో పెళ్ళి చేసుకోమన్నారు. తన దేవతని మొగుడికోసం మార్చుకోననీ, మొగుణ్ణి కూడా ఆయన దేవుణ్ణి మార్చుకోమని తానడగలేదనీ ఆమె కబురు పంపింది. మూడు నెలలు గడువిచ్చారు. ఆ తరవాతి ఆదివారం, ఆరాధన ముగిశాక, ఆయన పేరు పుస్తకంలోంచి తీసెయ్యడానికి ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తమన్నారు. ఎత్తాను. నాకాయన మీద కోపం లేదు. అందరూ ఎత్తారు, నేనూ ఎత్తాను. నా పక్కన అమ్మ ఎత్తలేదు. పాపం కీళ్ళనొప్పులు అని ఎవరో సర్దిచెప్పారు. ఇంటికొచ్చాక అమ్మ నాతో, "నొప్పి చేతికి కాదే" అంది.

ఆ వానాకాలం మళ్ళీ బటన్లు పట్టేశాయి. విజయనగరంలో హార్మోనియంలు బాగుచేసే అతనికి చూపించాను. అటూ ఇటూ తిప్పి, ఇలాంటిది నా జన్మలో చూడలేదు అని తిరిగిచ్చేశాడు. పాస్టరుగారు కాస్త ఆలోచించి, మేస్త్రినే పిలవమన్నారు, సంఘస్థుడిగా కాదు, పనివాడిగా. ఆదివారం కాకుండా మామూలు రోజున. ముందు గుమ్మంలోంచి కాకుండా, పాస్టరుగారు బట్టలు మార్చుకునే వెనక గదిలోంచి.

రాడనుకున్నాను. వచ్చాడు. రెండు బస్సులు మారి, ఆమెను కూడా తీసుకుని వచ్చాడు. ఆమె లోపలికి రాలేదు, వెనక మెట్లమీద కూర్చుంది. నల్లగా, పొడుగ్గా, ముక్కుకి రెండు వైపులా పోగులతో ఉన్న మనిషి. మంచినీళ్ళిస్తే తాగి, లోపల పని చేసుకుంటున్న మొగుణ్ణి చూస్తూ నాతో అంది.

"నా మొగుడు నేకపోతే మీ దేవుడికి పాట నేదు. అలాటి మనిషిని మీరు ఎలేసీసినారు. ఎవుల్ని ఎవులు ఎలేసినట్టమ్మా?"

నేను ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికొచ్చేశాను.

ఆ రోజే ఆయన నన్నొక మాట అడిగాడు. బాగుచేసిన పెట్టెని ఆదివారం జనం పాడుతుండగా వినాలన్నాడు. "ఒట్టిగా నొక్కితే పనోడి సేతికి ఏదైనా లొంగుతాది అమ్మీ. జనంతో పాడినప్పుడు నీ వేలు తొందరపడతాది సూడు, దాని గుణం అప్పుడు తెలుస్తాది." ఆయన అడిగింది నిజంగా బటన్ల కోసమే అయినా, బటన్ల కోసమే కాదని నాకు తెలుసు. పెద్దల్ని అడిగాను. లోపలికి వీల్లేదు గాని, కిటికీ అవతల నిలబడి వింటే అభ్యంతరం లేదన్నారు. తాము చాలా మంచితనం చూపించామనుకున్నారు. నేను కూడా అలాగే అనుకుని ఆయనకి సంతోషంగా చెప్పాను.

అప్పటినుంచి ఏళ్ళ తరబడి అంతే. బటన్లు పట్టేసినప్పుడల్లా వారం మధ్యలో ఓ రోజు వెనక గదిలో రిపేరు, ఆ వచ్చే ఆదివారం కిటికీ అవతల మేస్త్రి మావ. చువ్వ పట్టుకుని, తల వంచి, చెవి లోపలికి పెట్టి నిలబడేవాడు. ఓసారి పాట మధ్యలో పెద్ద వాన పట్టుకుంది. కిటికీ పక్కవాళ్ళు తడుస్తామని లేచి తలుపులు దగ్గరికి వేశారు. మూసుకుంటున్న సందులోంచి ఆయన నాకు రెండు వేళ్ళు చూపించాడు, రెండో వరస చూసుకోమని. నేను తలూపి వాయిస్తూనే ఉన్నాను. ఆ మూడు చరణాలూ ఒక్క బటను కూడా పట్టెయ్యలేదు.

అమ్మ పోయినప్పుడు సమాధుల దొడ్డి గోడ అవతల ఆ ఇద్దరూ నిలబడి ఉన్నారు. రమ్మని నేను పిలవలేదు.

ఆ తరవాత రెండేళ్ళకి ఆమె పోయింది. ఏదో జ్వరమన్నారు, నాలుగు రోజులు. నెల తిరిగాక మేస్త్రి మావ పిలవకుండానే వచ్చాడు. ఆ ఒక్క నెలలో చాలా ముసలివాడైపోయాడు. జేబుకి ఒకే ఒక్క పిన్ను ఉంది. మళ్ళీ సంఘంలోకి రానిస్తారేమో పెద్దల్ని అడగమన్నాడు. అక్కడ తనని అందరూ బాగానే చూస్తున్నారనీ, అయినా పాట లేకుండా ఉండలేకపోతున్నాననీ చెప్పాడు.

పెద్దలు ఈసారి మెత్తబడ్డారు. ఎలాగూ ఆమె లేదు కదా అన్నారు. ఒక ఆదివారం సంఘం ఎదుట నిలబడి, తప్పు ఒప్పుకుంటూ ఒక కాగితం చదివితే చాలన్నారు. ఆ కాగితం నన్ను రాయమన్నారు. అన్యురాలితో ఇన్నేళ్ళూ పాపంలో జీవించాననీ, పశ్చాత్తాపపడుతున్నాననీ, సంఘం నన్ను క్షమించాలనీ రాశాను. ఆయనకి చూపు ఆనడం లేదని అక్షరాలు పెద్దవిగా రాశాను. నేను చూపించిన దయ అంతవరకే.

శనివారం మధ్యాహ్నం ఆయన వెనక గదికి వచ్చాడు. పెట్టెలో రెండు బటన్లు పట్టేసి ఉన్నాయి. ముందు పని చూద్దాం, కాగితం ఇవ్వు అన్నాడు. నేను రాసిన కాగితం ఇచ్చాను. గుమ్మం వెలుతురులోకి వెళ్ళి చాలాసేపు చదివాడు. వచ్చి కూర్చుని, దాన్ని తిరగేసి, వెనక తెల్లవైపు ఆరు పలకల బొమ్మ గీశాడు. మూలమూలకీ పొడిచి స్క్రూలు ఒక్కోటీ తీసి గుచ్చాడు.

ఆయన పని ఆయన చేసుకున్నాడు. రెండు మీటలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. దబ్బనంతో వెంట్రుకవాసి ఎడం చేశాడు. బిళ్ళ మూసి, స్క్రూలు బిగించి, పెట్టె నా ఒళ్ళో పెట్టి అప్పుడు మాట్లాడాడు.

"ఆమె ఉన్నన్నాళ్ళలో సదవమంటే సదివీవోణ్ణేమో అమ్మీ. ఇంటికెళ్తే తిట్టీది, రెండు రోజులు కూడెట్టీది కాదు, అక్కడికి సరిపోయీది. ఇప్పుడు మనిషి నేదు. మారుమాట సెప్పలేని మనిషిని పట్టుకుని పాపం అని ఎలా సదవను?"

"మాట వరసకే మావా. రెండు నిమిషాలు. చదివేస్తే నీ బెంచీలో నువ్వు కూర్చోవచ్చు."

"మాట వరసకే అయితే వాళ్ళకెందుకు, నాకెందుకు?"

వెళ్ళేముందు గుమ్మంలో ఆగి ఇంకో మాటన్నాడు.

"పోనీ, నన్ను లోనికి రానీకపోతే ఒద్దు. నాను పోయిన రోజు మాత్రం నువ్వొచ్చి ఒక్క పాట వాయించు. నేదా నోటితోనే పాడు. మనోళ్ళు ఒక్కరైనా ఉండాల కదా."

వస్తాను మావా అన్నాను. నా ఫోను నంబరు కూడా రాసిచ్చాను. ఆరు చిల్లులు పడిన కాగితం బల్లమీద ఉండిపోయింది. పెద్దలు అడిగితే ఆయన ఒప్పుకోలేదని మాత్రం చెప్పాను. అప్పటికే, తొందర్లో నన్ను కూడా పెద్దల్లోకి తీసుకుంటారని అందరూ అనుకుంటున్నారు. తరవాత తీసుకున్నారు.

కిందటేడు ఎండలు ముదిరే రోజుల్లో, ఓ పొద్దున్న ఫోను వచ్చింది. కొత్త గొంతు. మా బావ పోనాడమ్మా, నీకు సెప్పమన్నాడు, వస్తావా అని అడిగాడు. ఆమె తమ్ముడట. వస్తానని చెప్పాను. స్కూలుకి సెలవు. ఒంట్లో బాగుంది. అడ్డం ఏమీ లేదు.

తెల్లచీర కట్టుకుని పెట్టెకోసం పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. సంఘం వస్తువుని, సంఘంలో లేని మనిషి భూస్థాపనకి ఇవ్వడం కుదరదన్నారు. కమిటీ కూర్చోవాలన్నారు. మామూలు మనిషిగా మీరు వెళ్తే మీ ఇష్టం, కాని ఇప్పుడు మీరు సంఘ పెద్ద, ఆలోచించుకోండి అన్నారు. నేను ఆలోచించుకున్నాను. నెల్లిమర్ల బస్టాపులో సిమెంటు బల్లమీద కూర్చుని ఆలోచించుకున్నాను. నోటితోనే పాడమన్నాడని గుర్తుంది. విజయనగరం వెళ్ళే బస్సు వచ్చి వెళ్ళింది. ఇంకోటి వచ్చింది. కండక్టరు నా తెల్లచీర చూసి, రండమ్మా సీటుంది అని కూడా అన్నాడు. మూడోది కూడా వెళ్ళాక లేచి ఇంటికొచ్చి వంట చేసుకున్నాను. ఆ నంబరునుంచి మధ్యాహ్నం రెండుసార్లు ఫోను మోగింది. మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.

మూడు వారాలు ఆగి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, తప్పు ఒప్పుకుందామనే. భోగాపురంలో బస్సు దిగాను. విమానాశ్రయం కోసం వేసిన కొత్త రోడ్లతో దారంతా మారిపోయింది. ఆటోవాడికి ఊరి పేరు చెప్తే సరుగుడు తోటల మధ్యనుంచి తీసుకెళ్ళి ఒడ్డుమీద దింపాడు.

ఆమె తమ్ముడు ఇంటి అరుగుమీద వల బాగుచేసుకుంటున్నాడు. నడివయసు మనిషి, అక్కలాగే పొడుగు. ఎవులమ్మా మీరు అని అడిగాడు. నెల్లిమర్ల వైపు నుంచి, మేస్త్రిగారి పాత సంఘం నుంచి వచ్చానన్నాను. వల పక్కన పెట్టేసి చాప వేయించాడు, టీ పెట్టమని ఇంట్లోకి కేకేశాడు. తరవాత సమాధి చూపిస్తానని తోట అవతలికి తీసుకెళ్ళాడు. ఇద్దర్నీ పక్కపక్కనే పెట్టారు. ఇసకలో రెండు మట్టి దిబ్బలు. ఒకదాని మీద పసుపూ కుంకుమా. రెండోదానికి తలవైపు సరుగుడు పుల్లలు రెండు అడ్డంగా కట్టి గుచ్చారు.

"మాకు మీ ప్రార్థనలు రావు కదమ్మా" అన్నాడతను. "సిలవ ఎడతారని తెల్సు, అదెట్టినాం. పాట ఉండాలని బావ మరీమరీ సెప్పినాడు. పెట్టె వాయించీ టీచరమ్మ ఒకామె ఉన్నాది, ఆమె తప్పకుండా వస్తాది, ఆమె వచ్చీదాకా ఆగండి అన్నాడు. ఫోన్ సేస్తే వస్తానన్నాది. పొద్దు వాలీదాకా ఎత్తకుండా ఆగినాం. ఎండకి ఇంక ఆగలేకపోనాం."

నేను పుల్లల సిలువ వైపు చూస్తున్నాను. అతను కాస్త తటపటాయించి అడిగాడు.

"ఆ టీచరమ్మ మీకు తెల్సా? తరవాత ఫోన్ సేసినా ఎత్తనేదు. ఆమెకేటైనా అయిందేటమ్మా?"

చెప్పడానికే అంతదూరం వచ్చాను. నోరు తెరిచాను.

"తెలుసు. ఆ రోజు ఆమెకి ఒంట్లో బాగోలేదు" అన్నాను.

అతని మొహం తేటపడింది.

"అదే అనుకున్నాం. నేకపోతే రాకుండా ఉండదు కదా. ఇప్పుడు బాగున్నాదా?"

బాగుందని చెప్పాను.